అత్త ఒప్పుకున్న ఒక్క కల

మొన్న ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలోనే నిద్రపోయాను. ఎమ్మిగనూరులో మా కూతురు కాపురం. నెలకోసారి సంచి నిండా ఏదో ఒకటి మోసుకుని పోతుంటాను. ఆరోజు జొన్నరొట్టెలూ పప్పులపొడీ. ఒళ్లో సంచి, సంచి మీద తల. ఆ కాస్త కునుకులో మా మేనత్త కనబడింది. ఆమె పోయి ఏడాది దాటింది. కలలోనే నేను, "అత్తా, ఇది కల, నాకు తెలుసు" అన్నాను. బస్సు గుంతలో పడి మెలకువ వచ్చేసరికి నా సంబరం ఇంతా అంతా కాదు. పక్క సీటావిడకు చెబుదామనుకుంటే ఆమె ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతోంది. అత్త బతికున్నన్నాళ్లూ నాకు చేతకానిది ఇన్నాళ్లకు చేతనైందని ఒక్కదాన్నే మురిసిపోయాను. ఆ మురిపెం ఎమ్మిగనూరు బస్టాండు దాకా నిలిచింది. దిగి ఆటో కోసం చూస్తుంటే, కల చెప్పుకున్న ప్రతివాళ్లనూ అత్త అడిగే మాట గుర్తొచ్చింది: "తెలిసి ఏం జేసినావు?"

మా పుట్టింటి ఊరు పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లె. పత్తి, వేరుశనగ, వాన పడితే పంట, పడకపోతే వలస. వేరుశనగకాయల్ని మావైపు బుడ్డలంటారు. మిషన్లో వేస్తే విత్తనం పగులుతుందని అత్త ఎప్పుడూ చేతుల్తోనే ఒలిపించేది. నేను పెళ్లై ఆదోనికి వచ్చేసినా, తొలకరికి ముందు బుడ్డలొలిచే రోజులకు మాత్రం ఏటా పోయేదాన్ని. కూలికోసం కాదు, కబుర్లకోసం. కొట్టం నీడలో గోనెపట్టలు పరుచుకుని, మధ్యలో కుప్ప పోసుకుని ఆడవాళ్లమంతా చుట్టూ కూర్చునేవాళ్లం. నీళ్లు చల్లిన బుడ్డల మట్టివాసన, ఎండకు కాగిన గోడల సెగ, నొక్కి నొక్కి మండే బొటనవేళ్లు. చేతికి పని ఉన్నా నోటికి లేదు కదా. ఎవరి కోడలు అలిగింది, ఎవరి ఆవు ఈనింది లాంటివన్నీ పొద్దు నెత్తిమీదికి రాకముందే అయిపోయేవి. ఆ తర్వాత మిగిలేవి కలలే.

కలలో పాము కనబడితే మంచిదా, పళ్లూడితే చెడా అని ఎవరైనా అడిగితే అత్త చిరాకు పడేది. "నాకు తెల్దు, సామికాడికి పోయి అడుగు" అనేసేది. ఆమెకు కావలసింది ఒక్కటే. కల కంటున్నప్పుడు అది కల అని నీకు తెలిసిందా, లేదా. మావైపు మెలకువను తెలివి అంటారు కాబట్టి, అట్లా మెలకువతో కనేదాన్ని ఆమె తెలివికల అనేది. తనకు చిన్నప్పటినుంచే అవి అరుదుగా వచ్చేవట. అది ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. కొందరికి ఈత వచ్చినట్టు వచ్చింది. కానీ తెలివికలకూ, తెలివికలలా వేషం వేసుకుని వచ్చే మామూలు కలకూ తేడా పట్టడంలో ఆమె అంత గట్టి మనిషిని నేను చూడలేదు.

పక్కింటి వదిన ఒకరోజు గొప్పగా చెప్పింది. "నాకు తెలుసు అక్కా, అది కలే అని. రెండు చేతులూ సాపి పత్తిసేను మీద ఎగురుకుంటా పోతి."

"ఎగిరి?" అంది అత్త, కాయ మీదినుంచి చూపు తియ్యకుండా.

"కూలోళ్ల మేస్త్రీ సూస్తాడేమోనని బిరీన దిగొస్తి."

అందరం నవ్వేశాం. అత్త నవ్వలేదు. "కల అని తెలిసినదానివి మేస్త్రీకి ఎందుకు బయపడితివి మే? నీకు తెలిసిండ్లేదు. తెలిసినట్ల కల వచ్చింది, అంతే" అంది. వదిన మధ్యాహ్నం దాకా మూతి ముడుచుకునే ఉంది. అన్నాలప్పుడు అత్త తన ఊరగాయ గిన్నె ఆమె ముందుకు జరిపాక గాని మాట్లాడలేదు.

మా కూతురు ఒకసారి ఫోన్లో చూసి ఏదో ఉపాయం చెప్పింది. కలలో చేతివేళ్లు లెక్కపెట్టుకోవాలట, లెక్క తప్పితే కల అని తెలిసిపోతుందట. అత్త చాలా శ్రద్ధగా విన్నది. మరుసారి నేను పోయినప్పుడు పిలిచి మరీ చెప్పింది: "నీ కూతురు సెప్పినట్ల సూస్తి పాపా. ఆరు వేళ్లుండె. మా నాయనకీ ఆరేగదా, నాకూ వచ్చినాయిలే అనుకొంటి." మా తాతకు అందరిలాగే అయిదు వేళ్లు. తన మీద తనే నవ్వుకుని, "లోపల ఏం అడిగినా కల ఒక జవాబు సెప్తాది. బయట మన ఒళ్లు యాడ పండుకోనుండాదో అది గుర్తుండాల. అది గుర్తుంటేనే తెలివికల" అంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, దానికి అత్త మొగుడు, మా మామ కారణం. మామ పత్తి లోడుతో ఆదోని మార్కెట్టుకు బయల్దేరిన పొద్దున అత్త కొట్టం దగ్గర పళ్లు తోముకుంటోంది. ఆయన "పోయొస్తా" అన్నాడు. నోటినిండా పళ్లపొడి. తల ఊపింది. మావైపు గడప దాటేవాళ్లను ఉత్త తల ఊపుతో పంపరు. "పోయిరా" అనాలి. బస్సు కదిలిపోతున్నా వెనక పరుగెత్తి అయినా అంటారు. ఆ మధ్యాహ్నం మార్కెట్టులో బస్తాలకు ఆనుకుని కూర్చున్న మామ కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. అత్త ఎవరినీ ఏమీ అనలేదు. "ఆ మాట నోట్లోనే వుండిపాయ పాపా" అని నాతో మాత్రం అంది. తెలివికలలో ఒక్కసారి ఆయన కనబడితే, ఆ మాట అనేసి బాకీ తీర్చుకోవాలని ఆమె కోరిక. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏదీ అడిగినట్టు నేను వినలేదు.

మామ కలలోకి రాకపోలేదు. వాకిట్లో నిలబడేవాడు. ఇది కల, ఈయన లేడు అని ఆమె అనుకునేది కూడా. "పోయిరా" అనేది. లేచి, చాప చుట్టేదాకా సంతోషంగానే ఉండేది. అప్పుడు ఎవరూ అడక్కుండానే తనను తానే అడుగుకునేది, తెలిసి ఏం జేసినావు అని. పోయిరా అన్న తర్వాత, పొద్దు గూకకముందే రా, వచ్చేటప్పుడు వక్కాకు తే అని కూడా అని ఉండేది. "లేడని తెలిసినదాన్నయితే వక్కాకు ఎందుకు తెమ్మంటి?" అంటూ ఆ కలను పుచ్చిన బుడ్డలా పక్కకు పారేసేది. ఇట్లా ఎన్ని పారేసిందో. నాకు ఒకసారి ఉక్రోషం వచ్చి, "అన్నావు కదత్తా, దాన్నే అన్నట్టు అనుకోరాదా, ఎవరు చూడొచ్చారు" అన్నాను. కోప్పడలేదు. "ఆయప్ప ముందర నేనుండాల పాపా. నా మాదిరి వుండేది ఇంకోటి నిలబడి అంటే నాకేం లాబం?" అంది. దుఃఖంలో ఉన్న మనిషి దొరికిన ఊరటను కూడా పరీక్ష పెట్టి కాదనుకోవడం నేను ఆమెలోనే చూశాను. నేనైతే మొదటి కలకే మూట కట్టేసుకునేదాన్ని.

ఆమె పోవడానికి ముందటి ఎండాకాలం. సంగటి తిని, బుడ్డల కుప్ప పక్కనే గోనెపట్ట మీద ఇద్దరం నడుం వాల్చాం. నేను పడుకున్నానంటే పక్కవాళ్లకు క్షేమం ఉండదు. "కాలు తీయి పాపా" అన్న మాటకు మెలకువ వచ్చింది. చూస్తే నా కాలు ఆమె మీద ఉంది. ఆమె లేచి, చెంబుతో నీళ్లు తీసుకుని మొహం కడుక్కుని వచ్చి, గుప్పెడు బుడ్డలు ముందేసుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. నాలుగు కాయలు ఒలిచాక చెప్పింది.

"వాకిట్ల నిలబడినాడు. నేను గోనెపట్ట మీద పండుకోనుండాను, పక్కన నువ్వుండావు, నీ కాలు నా మీద బరువుగా వుండాది, అదంతా నాకు ఆడనే తెలుస్తాండాది. ఆయప్ప సచ్చిపోయినాడని గూడా తెలుస్తాండాది. పోయొస్తా అన్న్యాడు."

"పోయిరా అన్నావా అత్తా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. "యెట్లంటాను పాపా? రాడని తెలిసి రా అని యెట్లంటాను? పోప్పా, నిమ్మళంగా పో అంటి."

గడప దాటే మనిషిని, పగవాళ్లనైనా సరే, మా ఇళ్లల్లో ఉత్తినే పో అనరు. అన్నేళ్లు దాచుకున్న మాట తీరా చేతికందిన గడియలో అబద్ధమైపోతే, దాన్ని అక్కడికక్కడే వదిలేసి నిజమైనదాన్ని చెప్పింది. ఆ కల అసలైనదని ఆమెకు ఇక ఏ పరీక్షా అక్కర్లేకపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా ముందుకు ఇన్ని బుడ్డలు తోసి, "ఒలుచు" అంది. ఆ తర్వాత మామ మళ్లీ ఎప్పుడైనా వచ్చాడా అని ఒకసారి అడిగాను. "ల్యాదు. పొమ్మంటి గదా" అంది.

ఇక బస్సులో నాకొచ్చిన కల. అత్త కుప్ప ముందు కూర్చుని ఉంది. ఇది కల, నాకు తెలుసు అన్నాను. ఆమె నవ్వి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చోలేదు. "ఇప్పుడు కాదత్తా, బస్సు పోతుంది, ఆదివారం వస్తా. పోయొస్తాను" అన్నాను. "పోయిరా పాపా" అంది.

ఎమ్మిగనూరు బస్టాండులో ఆటో అతను "యాడికి అక్కా?" అని రెండుసార్లు అడిగినా ఆ కలనే తిరగేసుకుంటూ నిలబడ్డాను. సంచి మీద తల పెట్టి నిద్రపోతున్నానని కలలో నాకు గుర్తే లేదు. లేని మనిషికి ఆదివారం వస్తానని మాటిచ్చాను. అత్త అయితే ఒక్క చూపుతో పక్కన పారేసే కల ఇది. ఆమె శిష్యురాలిని కాబట్టి నేనూ పారేశాను. ఆమెను చూశానని ఎవరికీ చెప్పుకోను. అయినా మా కూతురింటికి పోయేదాకా దారి పొడుగునా మనసు తేలిగ్గానే ఉంది. అత్త పోయిన కబురు నాలో ఏదో ఒక మూలకు ఇంకా చేరలేదు. అక్కడ ఆమె కుప్ప ముందు కూర్చుని ఆదివారం కోసం చూస్తోంది. కాలం ఆ మూలకూ పోయి ఆ కబురు చెప్పిన రోజున నాకూ తెలివికల వస్తుంది, నాకేం తొందర లేదు.