బట్టల సబ్బు అరిగిపోయిన ఎండాకాలం

మా ఊళ్ళో నాకు నోటి దురుసు మనిషినని పేరు. కూలి ఎగ్గొట్టబోయిన కాంట్రాక్టరు లారీకి అడ్డం నిలబడి అడిగినవాణ్ణి. పెళ్ళి భోజనంలో పప్పు మాడిందని పెళ్ళికొడుకు తండ్రి ముఖం మీదే అన్నవాణ్ణి. అలాంటివాణ్ణి మొన్నటి ఎండాకాలంలో ఒక్క మాట బయటపెట్టలేక నెల పైగా ఇంటి బయట పడుకున్నాను. పురుషాంగం చివర, తోలు కింద, ఎర్రబడి దురద పెడుతోంది. అదీ ఆ మాట. రాస్తుంటే ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది.

ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ జామాయిల్ కర్ర నరికి సారపాక కాగితం మిల్లుకు పోయే లారీలకు ఎత్తాను. ఇప్పుడు ఎత్తలేను. కింద కూర్చుని నరికిన కర్రకు బెరడు ఒలుస్తాను. మా వైపు ఎండకు డ్రాయరు చెమటతో తడిసి, ఒంటిమీదే ఆరి, మళ్ళీ తడుస్తుంది. ఇదివరకు కూడా ఒకటి రెండు ఎండాకాలాల్లో కాస్త చిమచిమలాడి దానంతటదే పోయింది. ఈసారి పోలేదు.

చదువు రాని రోజుల్లో అయితే ఇంత బెదిరేవాణ్ణి కాదు. బస్సు బోర్డు ఒకరిని అడక్కుండా చదువుకోవాలని యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి కంటి ముందు ఏది పడితే అది చదవడం అలవాటైంది. భద్రాచలం బస్టాండు దగ్గర మూత్రశాల గోడకు కాగితాలు అంటించి ఉంటాయి. గుప్త రోగాలకు లాడ్జిలో వైద్యం చేస్తామని. ఒకప్పుడు అవి నా కంటికి గోడకు పట్టిన మురికి లాంటివే. ఆ రోజు మాత్రం నిలబడి చివరిదాకా చదివాను. దురద, మంట, ఎరుపు, నాకున్నవన్నీ అందులో ఉన్నాయి. చెడు తిరుగుళ్ళు తిరిగినవాళ్ళకు వస్తాయని కూడా రాసి ఉంది. నేను తిరగలేదు. అయినా అచ్చులో ఉన్నది అబద్ధం ఎందుకవుతుంది అనుకున్నాను. అక్షరం ఆలస్యంగా వచ్చినవాడికి అచ్చు మీద నమ్మకం ఎక్కువ.

ఇక కడుక్కోవడం మొదలుపెట్టాను. ఒంటి సబ్బుతో ఏం పోతుందని బట్టల సబ్బు పట్టుకున్నాను. పొద్దున లేవగానే, పని నుంచి రాగానే, పడుకోబోయే ముందు. మండితే రోగం చస్తోందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. టేకులపల్లిలో మందుల షాపుకు పోయి, తొడల మధ్య తామర అని అబద్ధం చెప్పి ఒక ట్యూబు తెచ్చుకున్నాను. పూయగానే చల్లగా అనిపించేది. రాను రాను తోలు పలచబడి పగిలింది. నీళ్ళు తగిలినా ప్రాణం జివ్వుమనేది.

ఇది నా భార్యకు అంటుకుంటుందేమోనని మంచం వాకిట్లో వేసుకున్నాను. ఉక్కపోత అని చెప్పాను. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె స్వభావం కాదు, అది కూడా నాకు తట్టలేదు.

ఒకరోజు ధైర్యం చేసి సర్కారు దవాఖానకు పోయాను. డాక్టరమ్మ మా మనుమరాలి ఈడు పిల్ల. నా వెనక వరుసలో మా ఊరివాళ్ళు ఇద్దరున్నారు. ఏమైందని అడిగితే మోకాలు నొప్పి అన్నాను. మోకాలి బిళ్ళలు ఇచ్చింది. చెప్పిన అబద్ధానికి మర్యాదగా వాటిని మింగాను కూడా.

చివరికి నా గుట్టు బయటపడింది బట్టలుతికే బండ దగ్గర. నా భార్య సబ్బుముక్కను చేతిలో పట్టుకుని నా ముందుకు వచ్చింది.

"ఎవరి బట్టలు ఉతికి పెడుతున్నవయ్యా? మొన్న తెచ్చిన సబ్బు గోరంత అయింది."

ఆ మాటలో ఏముందో నాకు తెలిసింది. ఇంకో ఆడమనిషి ఉందనుకుంటోంది. అంతకంటే నా రోగం చెప్పుకోవడమే నయమనిపించి తల దించుకుని మొత్తం చెప్పాను. గోడ మీద చదివిందీ, మంచం బయటికి ఎందుకు తెచ్చిందీ.

"నాకు చెప్పకుండ సబ్బుకు చెప్పుకున్నవా" అంది. నవ్వుతూ అనలేదు.

తెల్లవారి ఇద్దరం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి మోకాలు తగ్గిందా అని అడిగింది. నేను తగ్గిందని చెబుతుండగానే నా భార్య అందుకుంది. "మోకాలు కాదమ్మా, ఇంకొంచెం పైన."

డాక్టరమ్మ తలుపు దగ్గరికి వేయించింది. చూపించడానికి మగ డాక్టరు కావాలా అని అడిగింది. ఇంతదూరం వచ్చాక ఎవరైతే ఏమిటని తెర వెనక్కి పోయాను. పుండ్లున్నాయా, చీము కారుతోందా, మూత్రం సాఫుగా వస్తోందా, తోలు వెనక్కి పోయి మళ్ళీ ముందుకు వస్తోందా అని అడిగింది. బయట ఎవరితోనైనా కలిశారా అని కూడా అడిగి, అందరినీ అడుగుతాం తాతా, ఏమీ అనుకోకు అంది. లేదన్నాను. వేలికి సూది గుచ్చి షుగర్ చూసింది. లేదు. పెద్ద వయసులో ఇట్లాంటిది మళ్ళీ మళ్ళీ వస్తే షుగర్ ఉందేమో చూడాలట.

"ఇది చెడ్డ రోగం కాదు తాతా. చెమటకు కొంచెం ఒరిసింది, మిగిలింది నువ్వే సబ్బుతో కాల్చుకున్నవు."

నా భార్యను లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చెప్పింది. ట్యూబు పారేయాలి. ఉత్త నీళ్ళతో మెల్లగా కడిగి, అద్ది ఆరబెట్టి, తోలు ముందుకు తెచ్చుకోవాలి. వదులు నూలు డ్రాయరు వేసుకోవాలి. తాను రాసిన మందుతో వారంలో తగ్గకపోతే రావాలి. పుండు, చీము, నెత్తురు, గడ్డ కనిపిస్తే వారం కూడా ఆగొద్దంది. తోలు వెనకే ఇరుక్కుని వాచినా, మూత్రం ఆగిపోయినా ఆ పూటే రావాలని గట్టిగా చెప్పింది. వారం తిరిగేలోపే తగ్గిపోయింది. ఇంత చిన్నదానికి నెల పైగా దొంగలా బతికాను.

కానీ నా సిగ్గు ఆ వారంతో పోలేదు. దవాఖాన నుంచి వచ్చిన రోజు సాయంత్రమే నా భార్య వాకిట్లోకి వచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడింది. అటువైపు తిరిగి చెప్పింది.

"సబ్బు నీ ఒక్కని వల్లనే అరగలేదయ్యా. నా ఒళ్ళు వాసనొస్తుందని నువ్వు బయటికి పోయినవనుకున్న. నేను గూడ రుద్దుకుంటున్న."

మంచం చెరోవైపు పట్టుకుని లోపలికి తెచ్చాం. నోటి దురుసు మనిషి నోట్లోకి డాక్టరమ్మ మాటే వచ్చింది.

"నువ్వు గూడ సబ్బు పెట్టకే" అన్నాను. "ఉత్త నీళ్ళు చాలంట."