వేడి బానెట్

మెకానిక్ షెడ్లున్న ఆ వీధిలో అతన్ని అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. చదువు చూసి పెట్టిన పేరు కాదు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఇరవై రెండేళ్ళలో ఆ చెవి అతన్ని మోసం చేసింది లేదు. మోసం చేసింది నోరే. అదీ మొదటిసారి, ఒక్క మాటయినా మాట్లాడకుండా.

పాత బండ్లు కూడా అతని షెడ్డులోనే చేతులు మారుతుంటాయి. కొనేవాళ్ళు వచ్చే అరగంట ముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచడం అతనికి అలవాటు. వేడెక్కిన ఇంజన్ మహా బుద్ధిమంతురాలు. దాని అసలు గుణం తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఈ పని అందరూ చేసేదే కాబట్టి తప్పని ఎవరూ అనుకోరు. ఆ బూడిదరంగు కారు వచ్చేదాకా అతనూ అనుకోలేదు.

ఆ కారు పిస్టన్లు అరిగిపోయాయి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే అవి సిలిండర్ గోడలకు కొట్టుకుని, రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు టకటకమంటాయి. వేడికి కాస్త ఉబ్బాక సర్దుకుంటాయి, కారు నోరు మూసుకుంటుంది. అమ్మేవాడు ఎవరో వస్తారన్నాడే కానీ ఎవరో చెప్పలేదు. అలవాటు ప్రకారం డాక్టరుగారు అరగంట ముందే ఇంజన్ వేడి చేసి ఉంచారు. గేటు తీసుకుని లోపలికి వచ్చింది నర్సక్క.

అతని తల్లి మంచంలో ఉన్న చివరి ఏడు నెలలూ రోజూ పొద్దున్నే నడిచి వచ్చి, పుండ్లకు కట్టు మార్చి, ఒళ్ళు తుడిచి, జడ కూడా వేసి వెళ్ళిన మనిషి. ఇప్పుడు చూడాల్సిన ఇళ్ళు ఎక్కువయ్యాయట, నడవలేకపోతోందట. వచ్చీ రాగానే బానెట్ మీద చెయ్యి వేసి, "నువ్వు చూసిన బండే కదా తమ్ముడూ, ఇంక నేను చూసేదేముంది" అంది.

నిజం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలూ అతను శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాడు. ఆవిడ డబ్బిచ్చి కారు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ ఇల్లు అతని ఇంటికి రెండు వీధుల అవతల. రోజూ అయిదున్నరకు బయలుదేరి ఇతని కిటికీ పక్కనుంచే వెళ్ళాలి. మర్నాటి నుంచి ఆ టకటక పొద్దున్నే వచ్చి అతని మంచాన్ని పలకరించసాగింది. భార్యకు సంగతి తెలియదు. "నర్సక్క వెళ్తోంది, లేవండి" అంటూ దాన్నే గడియారం చేసుకుంది. అతను దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. తేలు కుట్టిన దొంగకు కనీసం ఎవరూ రోజూ టైముకు గుర్తుచెయ్యరు.

ఎనిమిది నెలలకు ఆవిడ పేషెంట్ల ఇళ్ళన్నీ తిరిగి షెడ్డుకు వచ్చింది. దారిలోనే ఇంజన్ వేడెక్కిపోయింది కనుక కారు కిక్కురుమనలేదు. ఆవిడే నొచ్చుకుంది, ఇంటి దగ్గర అంత గోల చేసేది ఇక్కడ నోరు మెదపదేమిటని. పొద్దున మొదట వెళ్ళే దగ్గరి ఇళ్ళలో పేషెంట్లు ఉలిక్కిపడి లేస్తున్నారని కారును వీధి చివరే ఆపి నడుస్తోందట. అతను స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏమీ లేదక్కా, పాత బండి కదా అన్నాడు. ఆవిడ నమ్మింది. అంత సులువుగా నమ్మినందుకు అతనికి ఆవిడ మీదే కోపం వచ్చింది. ఆ కోపానికి మళ్ళీ సిగ్గేసింది.

మూడు వారాలకు మళ్ళీ వచ్చి, ఒక పొద్దున ఇంటికొచ్చి వినమని అడిగింది. కాదనడానికి ముఖం చెల్లలేదు. వెళ్ళాడు. ఆవిడ తాళం తిప్పగానే టకటక మొదలైంది. కంఠతా వచ్చిన చప్పుడును కొత్తగా వింటున్నట్టు వంగి నిలబడ్డాడు.

పక్కన నిలబడి ఆవిడ తన గోడు చెప్పుకుంది. తప్పు బండిది కాదట, తమదేనట. డ్రైవింగ్ నేర్చుకుంటున్న కూతురు, కొన్నరోజు సాయంత్రమే ఈ కారు తీసి అడ్డదిడ్డంగా తొక్కిందట. మర్నాడు చప్పుడు వినగానే నువ్వే పాడుచేశావని ఈవిడ దాన్ని నలుగురిలో తిట్టిందట. అప్పటినుంచి ఆ పిల్ల స్టీరింగ్ ముట్టుకోలేదట.

"నువ్వు ఇచ్చినరోజు ఎంత బాగుందో. బానెట్ వెచ్చగా ఉంది. నాకు ఇబ్బంది కాకూడదని ముందే స్టార్ట్ చేసి ఉంచాడు, ఎంత శ్రద్ధో అని ఇంట్లో అందరికీ చెప్పాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. స్క్రూడ్రైవర్ దించాడు. ఆవిడ వైపు చూడలేక ఇంజన్ వైపే చూస్తూ, ఆ చప్పుడులోనే చెప్పాడు.

"ఇది అప్పుడే ఉందక్కా. నీకు వినపడకూడదనే వేడి చేశాను. వచ్చింది నువ్వని చూశాక కూడా చెప్పలేదు. పాపకేం సంబంధం లేదు."

ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ లోపలికి వెళ్ళి కూతుర్ని లేపుకొచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, నిద్రకళ్ళతో గుమ్మంలో నిలబడింది.

"నాకు చెప్పావు సరే. ఇప్పుడు దానికి చెప్పు" అంది.

ఈలోగా ఇంజన్ వేడెక్కింది. టకటక పూర్తిగా ఆగిపోయింది. మొదటిసారి చప్పుడు చాటున చెప్పిన మాటను అతను ఇప్పుడు నిశ్శబ్దంలో, తన గొంతు తనకే వినపడుతుండగా మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాడు.

"అయితే నేను పాడుచెయ్యలేదా?" అంది పిల్ల.

"లేదమ్మా."

పిల్ల అతని వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది. నర్సక్క తల దించుకుంది. ఏడు నెలలు తన తల్లికి సేవ చేసిన మనిషి, తన మూలంగా కన్నకూతురి ముందు అలా నిలబడటం చూసి అతనికి అక్కడినుంచి మాయమైపోవాలనిపించింది. పిస్టన్లు మార్చి ఇస్తానన్నాడు. అలా చేయాలంటే కారు పది రోజులు షెడ్డులో ఉండాలి, పేషెంట్లు అన్నాళ్ళు ఆగరు. ఇలాగే నడిపితే ప్రమాదమా అని మాత్రం అడిగింది ఆవిడ. ప్రమాదం లేదు, ఆయిల్ చూసుకుంటూ, వేడెక్కేదాకా మెల్లగా నడిపితే ఏళ్ళు నడుస్తుందన్నాడు. అయితే నడవనీ అంది.

అప్పటినుంచి అతని షెడ్డులో కొనేవాళ్ళే వచ్చి చల్లటి బండి స్టార్ట్ చేసుకోవాలి. డాక్టరుగారికి చాదస్తం ముదిరిందని పక్క షెడ్లవాళ్ళు నవ్వుకుంటారు.

నర్సక్క ఇంటికి వెళ్ళి వచ్చిన వారానికి, అయిదున్నరకు, కిటికీ పక్కన టకటక వినిపించింది. "నర్సక్క వెళ్తోంది, లేవండి" అంది భార్య. అతను చెవి ఒగ్గాడు. మలుపు దగ్గర గేరు ఆలస్యంగా, కరకరమంటూ పడింది.

"ఆవిడ కాదు, కూతురు" అన్నాడు. దుప్పటి మాత్రం ముఖం మీదనుంచి తియ్యలేదు.