దిబ్బ మన్నుతో తోమిన గిన్నెలు

ఇవాళ పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్‌లో ఆహ్వానపత్రం వచ్చింది. బంగారు గనులు మూతపడిన మా కేజీఎఫ్ ఊరి కమ్యూనిటీ హాల్లో ఈ ఏడు కూడా సంభాషణలు జరుగుతాయట. రచయితలు, కళాకారులు, పర్యావరణం గురించి ఆలోచించే పెద్దలు నెలకొకరు చొప్పున ఆదివారం సాయంత్రం వచ్చి మాతో మాట్లాడతారు. కార్డు మీద మూతపడిన గని ఇనుప గోపురం, దాని వెనక ఎర్రటి ఆకాశం. అడుగున చిన్న అక్షరాల్లో, ప్రశ్నలకు అయిదు నిమిషాలు, అదీ చీటీ మీద రాసి ఇచ్చినవి మాత్రమే, అని ఉంది. కార్డు వెనకాలే సెక్రటరీ గారి సందేశం కూడా వచ్చింది. చీటీల టేబుల్ దగ్గర ఎప్పటిలాగే నేనే కూర్చోవాలట. ప్రజల కోరిక మీద, పోయినేడు వచ్చిన ఆ పర్యావరణం సార్‌నే మొదటి నెల మళ్లీ పిలిచారట. ఒళ్లు మండిపోయింది. ఏ ప్రజలు కోరారయ్యా? గనిపనివాళ్ల కోసం కట్టిన ఈ ఇళ్ల లైన్లలో అరవై రెండేళ్లుగా ఉన్నాను, నన్ను ఎవరూ అడగలేదు. మా పెద్దమ్మని అసలే అడగలేదు. కాఫీ చల్లారిపోయింది, నేను మాత్రం చల్లారలేదు.

ఆ హాలు గురించి కొంచెం చెప్పాలి. చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వచ్చిన మా తాతల కాలంలో అది రేకుల కప్పు వేసిన పెద్ద కొట్టం. పెళ్లిళ్లు అక్కడే, పౌరాణిక నాటకాలు అక్కడే, గనిలో ఎవరైనా పోతే సంతాప సభా అక్కడే. నాటకం రోజున కట్టిన రంగు కాగితాలు సంతాప సభకి కూడా అట్లాగే వేలాడుతుండేవి, తీసేవాళ్లు లేక. ఇప్పుడు దాన్ని బాగు చేశారు. మెత్తటి కుర్చీలు, మైకులు, గోడకి తెర. ముందు రెండు వరుసలు బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లకి. వెనక కిటికీల్లోంచి చూస్తే సైనైడ్ దిబ్బ కనిపిస్తుంది. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం లాగేసుకుని, మిగిలింది కొండలా పోసి పెట్టిన దిబ్బ అది. గాలికాలం వస్తే అక్కణ్నుంచి తెల్లటి దుమ్ము లేచి మా ఇళ్ల మీద పడుతుంది. సంభాషణ ఉన్న రోజున మాత్రం ఆ కిటికీలు మూసేస్తారు, మైకుల్లోకి దుమ్ము పోతుందని. దుమ్ము గురించి మాట్లాడటానికి కిటికీలు మూసుకుని కూర్చునే మహానుభావులం మేము.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. మా ఇంటికి రెండిళ్ల అవతలే ఉంటుంది. ఎనభై దాటాయి. మొదట్లో ఆమె సంభాషణలకి వచ్చింది ఫ్యాను కోసం, ఆఖర్న ఇచ్చే మసాలా బోండా కోసం. ఆ సంగతి ఆమే అందరికీ చెప్పేది, సిగ్గేమీ లేదు. పోయినేడు మొదటి నెల ఒక రచయిత వచ్చాడు. మా ఊరి మీద పుస్తకం రాశాడట. మాట్లాడినంతసేపూ మాది చచ్చిపోయిన ఊరు అంటాడు. నేను లెక్కపెట్టడం మానేశాను. నా టేబుల్ పక్క కుర్చీలో ఉన్న పెద్దమ్మ నా మోచెయ్యి పొడిచింది.

"ఎవురు సచ్చిపోయింది?"

"మన ఊరంట, పెద్దమ్మా."

"అయ్యో, మనకి ఒకరూ చెప్పనే లేదే!" అని బోండా వైపు చూసింది. నాకు నవ్వు ఆగలేదు. ముందు వరుసలోంచి ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను కళ్లతోనే మందలించింది. చచ్చిపోయినవాళ్లు నవ్వకూడదు కాబోలు.

రెండో నెల ఆ పర్యావరణం సార్ వచ్చాడు. ఆయన చెడ్డమనిషి కాదు, మెత్తగా మాట్లాడతాడు, ఆ మెత్తదనమే నాకిప్పుడు గుర్తొచ్చినప్పుడల్లా కోపం తెప్పిస్తుంది. తెర మీద మా దిబ్బ బొమ్మ వేసి, ఈ మట్టిలో విషం ఉంది, దీన్ని చేత్తో ముట్టుకోవడం కూడా మంచిది కాదు, అన్నాడు కన్నడంలో. పెద్దమ్మ చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. ఆమె చెయ్యి అంత చల్లగా ఉండటం నేనెప్పుడూ ఎరగను.

ఎందుకో చెప్పాలంటే ఆ మన్ను సంగతి చెప్పాలి. దిబ్బ మన్ను గోధుమపిండి కన్నా మెత్తగా ఉంటుంది. మా చిన్నప్పుడు లైన్లలోని ఆడవాళ్లంతా పాత డబ్బాలు పట్టుకుని వెళ్లి దాన్ని తెచ్చుకునేవాళ్లు. చింతపండు తొక్కు, ఆ మన్ను, కాస్త కొబ్బరిపీచు ఉంటే చాలు, ఇత్తడి బిందె మొహం చూసుకునేలా వచ్చేది. ఏ ఇంటి బిందెలు ఎక్కువ మెరుస్తాయని వీధి కొళాయి దగ్గర పోటీ. ఆ పోటీలో మా పెద్దమ్మని కొట్టినవాళ్లు లేరు. మా అమ్మకి కూడా ఒక డబ్బా నింపి పంపేది, నువ్వు తోమితే గిన్నెలు ఏడుస్తాయే అని ఒక మాట కలిపి. ఆ మన్ను ముట్టుకోవద్దని మాకెవరూ చెప్పలేదు. సైనైడ్ దిబ్బ అని పేరు మాత్రం అందరికీ తెలుసు. పిల్లలం సైనైడ్ దిబ్బ ఎక్కి జారుడుబండ ఆడుకునేవాళ్లం. పేరు తెలుసు, విషమని తెలుసు, అది మన గిన్నెలోకి వస్తుందని మాత్రం తట్టలేదు. ఇంత తెలివితక్కువ పని ఇంకే ఊళ్లో అయినా చేస్తారా అని ఇప్పుడు అనిపిస్తుంది. బంగారం తవ్వే ఊళ్లో వంటగది కూడా మెరవాలి కదా అని అప్పుడు అనుకున్నాం.

పెద్దమ్మకి ఒక కూతురు ఉండేది. నాకన్నా అయిదేళ్లు చిన్నది. అమ్మ గిన్నెలు తోముతుంటే పక్కనే గొంతుక్కూర్చుని, తన వంతు చిన్న చెంబు తనే తోమేది. అరచేతుల నిండా ఆ మన్నే. తోమిన చెంబులో మొహం చూసుకుని నాలుక బయటపెట్టేది. ఒక గాలికాలంలో దానికి వాంతులు పట్టుకున్నాయి. నాలుగు రోజులు. ఆస్పత్రిలో జ్వరమన్నారు. అయిదోరోజు అది లేదు. నాకప్పుడు పదేళ్లు. నాకు బాగా గుర్తున్నది ఏడుపులు కాదు, ఆ తర్వాత పెద్దమ్మ ఇంట్లో బిందెలు నల్లబడటం. ఆమె మళ్లీ దిబ్బకి వెళ్లలేదు. పొయ్యిలో బూడిదతో తోముకునేది. మా అమ్మకి డబ్బా పంపడమూ మానేసింది. ఎందుకని మేమెవరమూ అడగలేదు. మనసు విరిగింది, పనిమీద శ్రద్ధ పోయింది అనుకున్నాం.

ఆ ఆదివారం హాల్లో నా చెయ్యి వదలకుండానే ఆమె అన్నది, "ఒక మాట అడగల్ల. రాసియ్యి."

"చెప్పు, పెద్దమ్మా."

"నేను దిబ్బ మన్నుతో గిన్నెలు తోమినాను. ఆ గిన్నెల్లోనే నా బిడ్డకి సంగటి పెట్టినాను. అది పోయింది దాంతోనేనా? అంతే. ఆయప్పని అడుగు."

చీటీల టేబుల్ దగ్గర ఉన్నది నేను. చీటీ నా చేతిలో, పెన్ను నా చేతిలో. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల వాక్యాలు ఎర్ర సిరాతో దిద్దిన చెయ్యి ఇది. ముందు వరుసలో అంతమంది పెద్దమనుషులు ఉంటే, ఆ మాటని ఆ మాటగా ఎట్లా రాసేది? సంగటి, గిన్నెలు, బిడ్డ. బాగుండదనిపించింది. ఇంగ్లీషులో శుభ్రంగా రాసి ఇచ్చాను. గని వ్యర్థాల వల్ల స్థానికుల ఆరోగ్యం మీద పడే దీర్ఘకాలిక ప్రభావాన్ని వివరించగలరా, అని. ఒక్క తప్పు లేదు. నా విద్యార్థి ఎవరైనా అట్లా రాసి ఉంటే నూటికి నూరు వేసేదాన్ని.

చాలా మంచి ప్రశ్న, అన్నాడు ఆయన. చప్పట్లు కొట్టారు. తర్వాత అధ్యయనాలు జరగాలన్నాడు, విధానాలు మారాలన్నాడు, మనమందరం బాధ్యులమన్నాడు. మనమందరం అన్నప్పుడు ముందు వరుస అంతా తలలూపింది. టైం అయిపోయింది. బోండాల వాసన వచ్చింది. పెద్దమ్మ లేవలేదు.

"నాది ఎప్పుడు వస్తాదే?"

"ఇప్పుడు చెప్పింది నీదానికే, పెద్దమ్మా."

"పాప గురించి ఏం చెప్పినాడు?"

"పరిశోధన చెయ్యాలన్నాడు."

"యాడనుంచి తెచ్చి చూస్తారు దాన్ని, ఇప్పుడు?" అన్నది. ఆ రోజు ఆమె బోండా తినలేదు. కాగితంలో చుట్టి ఇస్తే దారిలో కుక్కకి వేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మూడో నెల ఆవని అనే ఊరి దగ్గర పల్లెనుంచి ఒక నాటకాల పెద్దాయన వచ్చాడు. యాభై ఏళ్లు స్త్రీ వేషాలు కట్టిన మనిషి. గొంతు సవరించుకుంటే చాలు, రాణి కనిపిస్తుంది. ఆయన ఒక పద్యం పాడి ఆపిన క్షణంలో పెద్దమ్మ లేచి నిలబడింది. చీటీ లేదు. నన్ను రాయమని అడగలేదు. ఎందుకు అడుగుతుంది?

సెక్రటరీ గారు నడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, చీటీ మీద రాసి..."

"ఉండప్పా," అన్నాడు వేదిక మీద పెద్దాయన. "ఆయమ్మ నిలబడుకోని ఉండాది. నువ్వు కాగితం అడగతా ఉండావే!"

పెద్దమ్మ అడిగింది. అవే మాటలు. గిన్నెలు, సంగటి, బిడ్డ. ఒక్క అక్షరం మారలేదు. నాటకాలాయనని ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో అక్కడెవరికీ అర్థం కాలేదు. నాకు అయింది. ఆయనకైతే అర్థమవుతుందని ఆమెకి అనిపించింది. ఆయన మైకు వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు తెలీదమ్మా. వేషాలు కట్టుకోని బతికినవాణ్ణి. తెలిసినోళ్లు ఈడికి వచ్చినప్పుడు అడగలేదా నువ్వు?"

"అడిగినాను. వేరేది చెప్పినాడు."

"బిడ్డ పేరేమి?"

పెద్దమ్మ చెప్పింది. యాభై ఏళ్లుగా మా ఇళ్లలో ఎవరూ పలకని పేరు ఆ హాల్లో వినిపించింది. ఇక్కడ రాయను. ఆమె ఆయనకి చెప్పిన పేరు అది. తర్వాత చెంబు సంగతి, నాలుక బయటపెట్టే సంగతి కూడా చెప్పింది. ఆయన వింటూ కూర్చున్నాడు. సెక్రటరీ గారు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. నేను టేబుల్ మీద ఖాళీ చీటీలు సర్దుతూ కూర్చున్నాను, సర్దడానికి అక్కడ ఏమీ లేకపోయినా.

మర్నాడే కమిటీ కూడింది, అందులో నేనూ ఒకదాన్ని. కార్యక్రమం గాడి తప్పిందన్నారు. ఇకపై చీటీ లేకుండా ఎవరికీ మైకు ఇవ్వకూడదని తీర్మానం రాశారు. చీటీలు చక్కగా దిద్దుతున్నందుకు నాకు ధన్యవాదాలు కూడా అందులోనే రాశారు. ఆ కాగితం కింద నేను సంతకం పెట్టాను. ఇది చదువుతున్న మీకు సెక్రటరీ మీద కోపం వస్తే రానివ్వండి, ఆ సార్ మీద వచ్చినా రానివ్వండి, కానీ ఆ సంతకాన్ని మరిచిపోవద్దు. ఆమె మాటని ఆ రోజు ఆపింది వాళ్లెవరూ కాదు. వాళ్లదాకా పోనివ్వకుండా నేనే ఆపాను, అక్షరదోషాలు లేకుండా.

అందుకే ఇవాళ కాఫీ పారబోసి జవాబు పంపాను. టేబుల్‌కి వేరేవాళ్లని చూసుకోండి, నేను వస్తాను, మా పెద్దమ్మతో వస్తాను, ముందు వరుసలో కూర్చుంటాం, అని. సెక్రటరీ గారు ఇంకా ఏమీ రాయలేదు. తర్వాత రెండిళ్లు దాటి వెళ్లాను. పెద్దమ్మ కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఇప్పుడు సబ్బుపొడే, అయినా ఒక్కో గిన్నెని మూడుసార్లు నీళ్లతో కడుగుతుంది. నీళ్లు వృథా చేస్తుందని నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను కూడా. ఆ పర్యావరణం సార్ మళ్లీ వస్తున్నాడని, ఈసారి ముందు వరుసలో కూర్చుందామని చెప్పాను. నేను దిద్దిన సంగతీ చెప్పాను, క్షమించమన్నాను.

"ఆయప్పకి తెలుస్తాదా?" అన్నది.

"తెలియకపోవచ్చు, పెద్దమ్మా."

"తెలీదని చెప్పేకైనా నోరు ఉండాది కదా. పోదాం."

గిన్నె బోర్లించి, చేతులు చీరకి తుడుచుకుని, ఏ రోజు, ఎన్ని గంటలకి అని అడిగింది. ఫోన్ తీసి మళ్లీ కార్డు చూశాను. ప్రశ్నలకి అయిదు నిమిషాలని వేశారు. ఆమె ఆ ఒక్క ప్రశ్నతో యాభై రెండేళ్లుగా కూర్చుని ఉంది.