రాళ్లేరే పోస్టన్న

పోస్టన్న పోయాడన్న మాట నాకు రాయికల్ సంతలో తెలిసింది. పచ్చిమిరపకాయలు ఏరుకుంటున్నాను. మా ఊరి ఆటో ఆయన వెనక నుంచి వచ్చి, "పెద్దయ్యా, మీ దోస్తు పొద్దుగాల పాణం ఇడిసిండట" అన్నాడు. కాయలు అక్కడే పారేసి ఉరికానని రాస్తే బాగుంటుంది గానీ అట్లా జరగలేదు. తూకం వేయించుకున్నాకే ఆటో ఎక్కాను. డెబ్బై దాటినవాడికి చావు కబురు కొత్త కాదు. ఇంటి ముందు దిగాక చూసుకుంటే సంచి మూతి పిడికిట్లో బిగిసిపోయి ఉంది. వేళ్లు ఒక్కొక్కటిగా మా ఇంటామె విప్పింది.

తెలియనివాళ్ల కోసం ఆయనెవరో చెబుతాను. మా ఊరికీ చుట్టుపక్కల నాలుగు ఊళ్లకూ సైకిల్ మీద ఉత్తరాలు పంచినవాడు. ఖాకీ సంచి హ్యాండిల్‌కు వేలాడేది. దాని అడుగున, ఉత్తరాల కింద, ఎప్పుడూ రెండు మూడు రాళ్లుండేవి. మా ఊళ్లలో మగవాళ్లుంటే భీవండిలో ఉంటారు, లేకుంటే దుబాయిలో, మస్కట్‌లో ఉంటారు. వాళ్లు రాసింది ఇంట్లో ఆడవాళ్లకు చదివి చెప్పేది ఆయనే. ఎవరింటికి ఉత్తరం వస్తున్నదో అందరికీ తెలుస్తుంది. ఎవరింటికి రావడం ఆగిపోయిందో ఆయనొక్కడికే తెలుసు.

నేను తాటిచెట్లు ఎక్కే ఇంట్లో పుట్టాను. చెట్టు దిగి గల్ఫ్ పోయాను. కాగితాలు లేకుండా దాక్కుని పనిచేశాను. అక్కడి సర్కారు మాఫీ ఇచ్చి పొమ్మన్న ఏడు, కట్టుబట్టలతో వచ్చాను. తోటివాళ్లు టేప్‌రికార్డర్లు, దుప్పట్లు తెచ్చారు. నేను నా మొహం తెచ్చుకున్నాను. అది ఊరికి చూపించలేక రెండు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇంటామె బీడీలు చేసి తెచ్చిన కూడు తిన్నాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ తిన్నాను.

ఒకనాడు పొద్దున్నే పోస్టన్న తలుపు కొట్టాడు.

"ఉత్తరం అచ్చిందా?" అన్నాను.

"నీకెవడు రాస్తడు? నువ్వే ఇంట్ల పండుకుంటివి. నడువు, గంగకు పోదం."

"ఏం పని?"

"రాళ్లేరుదం."

"పిచ్చి లేసిందా నీకు?"

"లేసింది. నీకు లేవకముందే రా."

ఇంటామె చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. మొహం కడుక్కోక తప్పలేదు.

గోదావరిని మా దిక్కు గంగ అంటాం. నీళ్లు దిగిపోయాక గులకరాళ్ల మేటలు బయటపడతాయి. ఆ రాళ్లలో చారల రాయి ఒకటి ఉంటుంది. కోరుట్లలో ఉంగరాలు చేసే ఒక సాయిబు దాన్ని అకీకు అంటారని ఆయనకు చెప్పాడట. పైకి చూస్తే మట్టి అంటిన ఆలుగడ్డ లాగా ఉంటుంది. కాలితో తన్ని పోతాం. దాన్ని పట్టుకోవాలంటే పొద్దు పొడవగానే పోవాలి, పొద్దుకు ఎదురుగా నడవాలి. అన్ని రాళ్లూ నల్లగా ఉంటే అదొక్కటే బూడిదలో నిప్పు లాగా లోపల మెరుస్తుంది. వంగేలోపల పొద్దు మీదికొస్తే ఇక కనబడదు. గంట సేపే దాని ఆట.

తెచ్చినదాన్ని శుభ్రం చేయడం ఇంకో పని. చింతపండు పులుసులో వారం నానబెడితే ఎర్ర తుప్పు వదులుతుంది. కొబ్బరి పీచుతో తోమాలి. సందుల్లో మట్టిని ముల్లుతో తీయాలి. నేను మొదటిసారి ఇనుప చువ్వతో గీకబోతే నా చేతిలోంచి రాయి లాక్కున్నాడు. "రాయి యాడికి పోదురా. తొందర నీకే" అన్నాడు. రాళ్లను కోడిగుడ్ల అట్టల్లో పెట్టుకునేవాడు. ఎవరికీ అమ్మలేదు. ఎవరైనా బాగుందంటే ఇచ్చేసేవాడు. నాకు అక్షరాలు కూడా అప్పుడే నేర్పాడు. రాయి తోముతుంటే పక్కన పాత కవరు పెట్టి, పేరు కూడబలుక్కుని చదవమనేవాడు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ కవర్ల పుణ్యం.

ఆయన కట్టడి ఒకటుండేది. గంగకు ఒక్కడూ పోవద్దు. ఆయన నన్ను పిలవాలి, నేను తోవలో ఉన్నవాణ్ని పిలవాలి. "పిలువకుండ తోవల ఇల్లు దాటద్దు" అనేవాడు. ఇసుక తోడిన గుంతలున్నాయి, మనిషి పడితే తెలియదు, అందుకని చెబుతున్నాడనుకున్నాను. నేను అంతవరకే ఆలోచించేవాణ్ని.

ఆ తోవలో ఉన్నవాడు సిరిసిల్ల అల్లుడు. అక్కడ మరమగ్గాలు నడిపినవాడు. సాంచాలనే ఆ మగ్గాలు ఆగిపోయి, ఇల్లు గడవక, పెళ్లాంతో అత్తగారి ఊరికి, అంటే మా ఊరికి వచ్చి ఉన్నాడు. ఇల్లరికపు అల్లుడంటే ఊరికి లోకువ. హోటల్ కాడ కూర్చుంటే, "ఏందల్లుడా, అత్త చాయ్ పొయ్యలేదా?" అని గెలికేవాళ్లు. నవ్వి ఊరుకునేవాడు. గంగలో మాత్రం అతనిదే పైచేయి. పోగులు చూసి చూసి పదునెక్కిన కళ్లు అవి. మేము రెండు చారలు చూస్తే అతను ఇరవై చూసేవాడు. "మామా, గీ అంచు సూడు, గిది చీరెకు ఏస్తె ఎంత మంచిగుంటది" అని రాయిని ఎండకు పట్టేవాడు. పోస్టన్న అతని వెనకే నిలబడి చూస్తూ ఉండేవాడు. నాకు అది గిట్టేది కాదు. ముందు వచ్చినవాణ్ని నేను కదా.

ఒకసారి నాకొక రాయి దొరికింది. మామూలు రాయే. దానికి కొబ్బరినూనె రాసి, తళతళ మెరిపించి హోటల్ కాడ నలుగురి ముందు పెట్టాను. అల్లుడు దాన్ని అందుకుని, లుంగీ అంచుతో ఒక్క తుడుపు తుడిచాడు. రాయి మబ్బేసింది.

"మామా, తలకు నూనె పెట్టినవు, జడ ఏసుడొక్కటే తక్కువున్నది" అన్నాడు.

హోటల్ అంతా నవ్వింది. పోస్టన్న కూడా నవ్వాడు. నన్ను మండించింది ఆ నవ్వే.

ఆ మర్నాడు సాయంత్రం పోస్టన్న సైకిల్ దిగకుండానే చెప్పాడు. "రేపు నాకు జగిత్యాల పెద్దాఫీసుల పనున్నది. నేను రాను. అల్లున్ని పిలుసుకపో. ఇయ్యాల సిరిసిల్ల నుంచి ఉత్తరం అచ్చింది ఆయనకు. సదివి మడిసి జేబుల పెట్టుకున్నడు. మొకం మంచిగలేదు. మర్సిపోకు."

"మర్సిపోతనా" అన్నాను.

మరిచిపోలేదు. అది రాయాలనే ఈ కాగితం ముందు కూర్చున్నాను. తెల్లారగానే బయలుదేరాను. అల్లుడు వాకిట్లో గద్దె మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు వేసుకుని, లుంగీ పైకి మడిచి, తయారుగా ఉన్నాడు. నా అడుగులు విని తల ఎత్తాడు. నేను అవతలి పక్క గోడ మీద ఏదో ఉన్నట్టు అటు చూస్తూ దాటిపోయాను. రెండు రోజులు ఉడకనిద్దాం, జడ మాట నోట్లోకి తిరిగి పోనిద్దాం అనుకున్నాను. అతనూ పిలవలేదు.

ఆ పొద్దు గంగ నాకు నా జన్మలో చూడని రాయి ఇచ్చింది. పిడికెడంత ఉంది. పొద్దుకు పడితే లోపల చారలు లెక్కకు అందలేదు. అప్పుడు నాకు తోచింది ఒక్కటే, దీన్ని చదవగలిగినవాడు అల్లుడొక్కడే. కోపం ఎటు పోయిందో పోయింది. రాయి జేబులో వేసుకుని, అతనికే చూపించాలని వడివడిగా వచ్చాను. వాకిట్లో జనం ఉన్నారు. నేను గంగలో ఉన్న ఆ కాసేపట్లోనే అతను తన ప్రాణం తాను తీసుకున్నాడు.

ఆ రాయి ఏమైందో నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం పోస్టన్న జగిత్యాల నుంచి వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి నా దగ్గరికొచ్చాడు.

"పిలిసినవా?"

"పిలిసిన. రానన్నడు."

నా మొహంలోకి కాసేపు చూశాడు. "సరే" అన్నాడు.

మరుసటి పొద్దు మళ్లీ నా తలుపు కొట్టాడు. ఇవాళ ఎందుకు అన్నాను. "ఇయ్యాల్నే" అన్నాడు. ఆనాటి నుంచి ఏళ్లకేళ్లు, వానలో తప్ప, ఆయన నా తలుపు కొట్టని పొద్దు లేదు. కొలువు దిగిపోయాక కూడా వచ్చాడు. గంగ మేట మీద నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి ఆగి, వెనక్కి తిరిగి నిలబడేవాడు. మూడో మనిషి ఎవరో వెనకబడితే ఆగినట్టు. నేనూ ఆగేవాణ్ని. రాళ్ల మీద చెప్పుల చప్పుడు నాకూ వినిపించేది. ఆ సంగతి ఆయనకు ఒక్కనాడూ చెప్పలేదు. మోకాళ్లు పోయి ఆయన మంచం పట్టాక నేనే పోయి పక్కన కూర్చుని రాళ్లు తోమేవాణ్ని. ఎన్నోసార్లు నిజం గొంతుదాకా వచ్చింది. నా మాట నమ్మి ఇన్నేళ్లు నా వెంట నడిచాడు, ఇప్పుడు చెబితే ఏమైపోతానో అని మింగాను. ఊళ్లో నా అంత ముక్కుసూటి మనిషి లేడని పేరు. దాన్ని కాపాడుకున్నాను.

ఆయన పదకొండో దినం భోజనాలయ్యాక నేను ఇంటికి పోలేదు. సిరిసిల్ల అల్లుడి భార్య దగ్గరికి పోయాను. ఆమె జుట్టు నెరిసింది. చాట ఒళ్లో పెట్టుకుని, బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నది. మా ఊరి బిడ్డే, చిన్నప్పటి నుంచి నన్ను కాకా అంటుంది. మొగుణ్ని పిలిచినా గంగకు రాలేదని, రానన్నాడని, ఇన్నేళ్లు ఊరు ఆమె ముందు అంటుంటే విన్నాను. ఆమె కూడా అదే నమ్మి బతుకుతున్నదని అనుకున్నాను. చనిపోయేలోపల అదొక్కటి దించుకోవాలి.

"బిడ్డా, ఆనాడు నేను పిలువలే" అన్నాను.

కత్తెర ఆగలేదు. "ఎరుకే కాకా."

"ఎట్ల ఎరుక?"

"లోపల చీపురు పట్టి అర్ర ఊకుతున్న. దర్వాజలకెల్లి కనబడ్డవు. మొకం తిప్పుకొని పోయినవు. ఆయన నీ దిక్కు సూసి సూసి, చెప్పులు ఇడిసి లోపలికచ్చిండు."

అక్కడే కింద కూర్చున్నాను.

"పోస్టు మామకు గా దినమే చెప్పిన" అన్నది. "ఊర్ల చెప్పకు బిడ్డా అన్నడు. చెప్తె వాడు కూడ పోతడు, ఇద్దర్ని మొయ్యలేను అన్నడు. రేపటి సంది రోజు పోయి వాని తలుపు కొడుత అన్నడు."

కత్తిరించిన ఆకులు ఒక పక్కకు సర్దుకుంది. మళ్లీ అన్నది, "నేను నిన్ను మాఫ్ చెయ్యలే కాకా. ఆయన మాట కోసం ఊకున్న. ఇప్పుడు ఆయన సుత పాయె."

నన్ను నమ్మి వచ్చాడనుకున్నాను పోస్టన్నను. నా అబద్ధం తెలిసీ వచ్చాడు. ఒకణ్ని పోగొట్టుకున్న మర్నాడే, ఆ పోగొట్టినవాడి తలుపు కొట్టాడు. ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. అట్లాంటి మనిషిని ఏమని పొగడాలో నేర్చుకున్న అక్షరాల్లో నాకు దొరకడం లేదు.

మర్నాడు తెల్లారి గంగకు బయలుదేరాను. పిలిచేవాళ్లు లేరు. ఆ వాకిలి ముందుకు వచ్చేసరికి కాళ్లు ఆగాయి. గద్దె మీద ఎవరూ లేరు. ఉండరని నాకూ తెలుసు. తోవలో మనుషులు పోతున్నారు, చూస్తే చూడనీ అనుకున్నాను. లోపలికి వినబడేటట్టే పిలిచాను.

"అల్లుడా, పొద్దెక్కుతున్నది. నడువు, పోదం."

లోపల కత్తెర చప్పుడు ఆగింది. నేను అక్కడే నిలబడ్డాను. పొద్దు గోడ దాటి గద్దె మీదికి వచ్చింది. చాలాసేపటికి కత్తెర మళ్లీ మొదలైంది, మెల్లగా, ఒక్కొక్క ఆకు.