ట్యాంకుల తాతగారి రెండో జత

జనరల్‌గారి దగ్గర ఉన్నది ఒకటే మందు. జలుబుకీ అదే, జగడానికీ అదే. "ట్యాంకులు పంపండి!" నీళ్ళ ట్యాంకులు కావు, ఫిరంగి పెట్టుకుని పాకే యుద్ధ ట్యాంకులు.

మిత్రదేశాల కూటమి వాళ్ళు సమావేశమయ్యే భవనంలో నేను టీలు అందిస్తాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది, చేతికి ట్రే వచ్చింది. ట్రే పట్టుకున్న మనిషిని ఎవరూ చూడరు. నేను మాత్రం అందర్నీ చూస్తాను, జనరల్‌గారిని మరీనూ. రిటైరై ఏళ్ళయినా వాళ్ళ దేశం ఆయన్ని ఇక్కడికి ప్రతినిధిగా పంపింది. ఇంట్లోవాళ్ళు పడలేక పంపించేసి ఉంటారని మా వంటాయన అనుమానం. ట్యాంకుల తాతగారు అని పేరు పెట్టింది కూడా ఆయనే.

టీలో చక్కెర తగ్గితే వంటింటి మీదికి ట్యాంకులు. కిటికీ బిగుసుకుపోతే కిటికీ మీదికి ట్యాంకులు. ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపలి నుంచి కూడా అదే కేక.

ఆయనకి ఎదురుగా కూర్చునేది మాటల మేడమ్. వాళ్ళదీ మిత్రదేశమే గానీ, ఆవిడ లెక్కలో మాటలతో తీరని తగాదా లేదు. వడ్రంగిని పిలిచే ముందు కిటికీకి వచ్చిన కష్టమేమిటో కనుక్కుందామనే రకం. మధ్యలో అధ్యక్షులవారు. ఆయన దేనికైనా ఉపసంఘం వేస్తారు.

ఓ రోజు పిల్లి ఒకటి వచ్చి, బల్ల మీద పరిచిన మ్యాపు మీద దర్జాగా పడుకుంది.

"ట్యాంకులు పంపండి!" అన్నారు తాతగారు.

"అదేమిటండీ, ముందు మాట్లాడి చూద్దాం," అన్నారు మేడమ్.

"పిల్లితోనా? ఏ భాషలో?"

"ఆ భాష సంగతి ఉపసంఘం చూస్తుంది," అన్నారు అధ్యక్షులవారు.

చివరికి దాడికే మొగ్గారు. వాచ్‌మన్ చీపురు ఎత్తాడో లేదో, తాతగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగవయ్యా. అది పాలు తాగిందా?"

"తెలీదు సార్."

"ఖాళీ కడుపుతో ఉన్న శత్రువు మీద పడతావా? సిగ్గులేదూ? ముందు పాలు పట్టు. తాగాక కాస్త కునుకు తియ్యనీ. లేచాక చూద్దాం."

లేచాక మళ్ళీ పాల వేళయింది. దాడి అలా వాయిదా పడుతూనే వచ్చింది. ఈలోగా అది ఆ గది మూలనే పిల్లల్ని పెట్టింది.

"శత్రువుకి అదనపు బలగాలు చేరాయి," అని తాతగారు గంభీరంగా ప్రకటించారు.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది, పడవల గొడవ వచ్చేదాకా. నది అవతలి దేశంవాళ్ళు మేడమ్‌గారి దేశపు పడవల్ని, జాలర్లతో సహా పట్టేసుకున్నారు. ఆవిడ రోజూ ఫోన్ చేసేవారు. వాళ్ళు రోజూ పెట్టేసేవారు. ఒక ఉదయం ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, కూర్చోకుండానే అన్నారు.

"ఇక నా వల్ల కాదు. సైన్యాన్ని పంపుదాం."

అధ్యక్షులవారికి ఉపసంఘం కూడా గుర్తు రాలేదు. ఒక్కొక్క చెయ్యే పైకి లేస్తోంది.

ఆ సైన్యంలో మా అన్నయ్య ఉన్నాడు. నది ఒడ్డున గుడారంలో ఉంటాడు. నా ట్రేలో కప్పులు గలగలమన్నాయి. తాతగారు వెనక్కి తిరిగారు.

"ఏమైందమ్మాయ్?"

"మా అన్నయ్య అక్కడే ఉన్నాడు సార్." ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"ఏమంటాడు?"

"బూట్లలోకి నీళ్ళొస్తున్నాయంటాడు."

తాతగారు బల్ల అదిరేలా గుద్దారు. "ట్యాంకులు పంపాల్సిందే!"

టీ కెటిల్ ఆయన నెత్తిన వంచేద్దామనిపించింది. నిజంగా చెయ్యి లేచింది కూడా.

"కానీ," అన్నారు తాతగారు, "వాటి వెంట నడిచే కుర్రాళ్ళకి మేజోళ్ళున్నాయా?"

"సాక్సులా?" అన్నారు మేడమ్.

"ఆఁ, సాక్సులే. మనిషికి రెండు జతలు. ఒకటి కాళ్ళకి, ఒకటి ఆరేసుకోడానికి. అవి అందకుండా నేను సంతకం పెట్టను."

అందరి సంతకాలూ పడితే తప్ప సైన్యం కదలకూడదని కూటమి నియమం. ఇక చూడండి! ఒక దేశం ఉన్నివే వెచ్చగా ఉంటాయంది. ఇంకో దేశం నూలువైతే కాలికి గాలాడుతుందంది. రంగు దగ్గర ఇద్దరు అలిగారు. అధ్యక్షులవారికి ప్రాణం లేచొచ్చి మేజోళ్ళ ఉపసంఘం వేశారు. నూలుకి ఒప్పుకున్నారో లేదో, తాతగారు మడమ దగ్గర కుట్టు గట్టిగా లేదని మళ్ళీ మొదటికి తెచ్చారు.

మేడమ్‌కి పని లేక మళ్ళీ ఫోన్ తీశారు. ఈసారి అవతలివాళ్ళు పెట్టెయ్యలేదు.

"మీ జనరల్ నిజంగానే ట్యాంకులు పంపుతాడా అండీ?"

"పంపకేం! మేజోళ్ళు రావడమే ఆలస్యం," అన్నారావిడ.

అక్కణ్ణించి మాటలు సాగాయి. జాలర్లు తమ పడవల్లోనే ఇళ్ళకి చేరారు.

ఆ రోజు అందరూ చప్పట్లు కొడుతుంటే తాతగారు ఒక్కరే మూతి ముడుచుకున్నారు. "బంగారంలాంటి దాడిని చెడగొట్టారు!"

నేను టీ పెట్టి, కదలకుండా అక్కడే నిలబడ్డాను. ఆయన కప్పులోకి చూస్తూ గొంతు తగ్గించారు.

"మమ్మల్ని తడి కాళ్ళతోనే పంపేశారమ్మాయ్. ఎవడూ అడగలేదు." మరుక్షణం గొంతు పెంచారు. "ఇందులో చక్కెరేదీ? వంటింటి మీదికి ట్యాంకులు పంపండి!"

చక్కెర తెచ్చేసరికి బల్ల మీద చిన్న పొట్లం ఉంది. ఉపసంఘానికి నమూనాగా వచ్చిన ఉన్ని మేజోళ్ళు.

"మీ అన్నయ్యకి పంపు. దాడికి సిద్ధంగా ఉండమను."

పొట్లం విప్పి చూశాను. అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో గానీ, సార్ అనబోయి వంటింట్లో పిలుచుకునే పేరే అనేశాను.

"ఒక్క జతేనా తాతగారూ? రెండుండాలన్నారుగా."

ఆయన మీసాలు కదిలాయి. "అవునవును! రెండోది అందేదాకా గుడారం దాటొద్దను. నా ఆజ్ఞ అని చెప్పు."

ఆ రెండో జత మేజోళ్ళ మీద ఉపసంఘం ఇంకా కూర్చునే ఉంది.