తెల్లారుజామున ఫోన్ ఎత్తిన అవ్వ

దయ్యాలు, గాలి సోకడాలు, బాణామతి, వీటిని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్లతో గొడవ పెట్టుకునే రకం నేను. పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రగా మార్చి, "ఇదిగో మీ మంత్రగాడి రక్తం ఇదే" అని పిల్లలకు ఏటా చూపిస్తాను. మా అత్తమ్మ దిష్టి తీస్తానంటే కూడా విసుక్కుంటాను. లెక్కల టీచర్ని, ప్రతిదానికీ ఒక కారణం ఉండి తీరాలని నా పట్టుదల.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే ఎవరినో భయపెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. చదివినవాళ్లలో ఎవరైనా దీనికి సరైన కారణం చెప్పగలిగితే నాకే మేలు.

కొన్నేళ్ల కిందట బదిలీల్లో నాకు మోత్కూర్ దగ్గర ఒక పల్లెటూరి బడి వచ్చింది. ఎనిమిదో తరగతి వరకే ఉన్న బడి. మోత్కూర్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని రోజూ స్కూటీ మీద వెళ్లి వచ్చేదాన్ని. ఊరూ కొత్తే, పిల్లలూ కొత్తే, వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో కూడా నాకు సరిగా తెలియదు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే మా హెడ్మాస్టర్ సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. పదో తరగతి పిల్లలను టీచర్లు దత్తత తీసుకుని, తెల్లవారుజామున ఫోన్ చేసి లేపి చదివించే పద్ధతి మా జిల్లాలో చాలా బడుల్లో ఉంది. దాన్ని మన ఎనిమిదో తరగతికి కూడా పెడదాం అన్నాడు. సంవత్సరాంతం పరీక్షలు అయ్యేదాకా తలా కొందరు పిల్లలు, ఐదింటికి తలా కొన్ని ఫోన్లు. స్టాఫ్ రూంలో అందరం సణిగాం. సొంత పిల్లలను లేపేసరికే తాతలు దిగివస్తున్నారు, ఊళ్లో పిల్లలందరినీ ఎవరు లేపుతారు? అయినా సార్ మాట కాదనలేక పంచుకున్నాం.

నా వంతుకు వచ్చినవాళ్లలో రేణుక ఉంది.

కురుమల పిల్ల. తండ్రి బీరయ్యకు గొర్ల మంద ఉంది. మేత ఎండిపోయే కాలంలో ఆయన, ఆయన భార్య మందను తోలుకుని కాలువ కింది ఊళ్లకు వెళ్లిపోతారు. కోసిన పొలాల్లో గొర్లు మేస్తాయి, రాత్రిళ్లు ఆ పొలంలోనే మంద పెడితే రైతుకు ఎరువు. ఇంట్లో రేణుక, వాళ్ల నాయనమ్మ. "ఇంట్ల అవ్వ ఉంటది మేడం" అని నంబర్ ఇచ్చింది. అంతకుమించి అడగాలని నాకూ తోచలేదు, చెప్పాలని ఆ పిల్లకూ తోచలేదు.

రేణుక తెలివైన పిల్ల. తెలుగు పాఠం చదువుతుంటే వినబుద్ధి అయ్యేది. లెక్కల దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయేది. సమీకరణం బోర్డు మీద రాస్తే చాలు, తల దించుకుని చున్నీ కొస నలిపేది.

ఆ పిల్లకు లెక్కలు ఎందుకంత అవసరమో బీరయ్య నాకు ముందే చెప్పాడు. ఒకరోజు మందతో బడి ముందు నుంచి వెళ్తూ ఆగాడు. భుజాల మీద కట్టె అడ్డంగా పెట్టుకుని, గేటు బయటి నుంచే మాట్లాడాడు.

"పిల్ల ఇంక సదువుతనంటాంది మేడం. తొమ్మిదికి మోత్కూర్ల హాస్టల్ల ఎయ్యమంటాంది. లెక్కల్ల మంచిగ మార్కులొస్తె ఏస్త. మా అమ్మను మా చెల్లె సూస్కుంటది. మార్కులు రాకుంటె నా ఎంబడి జీవాల కాడికొస్తది. గంతే."

ఆ "గంతే" విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం. కానీ ఆ పిల్ల గొర్ల వెనక పోవడం నాకు ఇష్టం లేదు. బీరయ్య పని తక్కువని కాదు. ఆ పిల్ల చదువుకుంటానంటోంది కాబట్టి.

ఫోన్లు మొదలయ్యాయి. కొన్ని ఇళ్లలో కట్ చేసేవాళ్లు, కొన్ని స్విచాఫ్. ఒక తండ్రైతే "మీకు పనీ పాటా లేదా మేడం" అని కసిరాడు. రేణుక ఇంట్లో మాత్రం రెండు మూడు రింగులకే ఎత్తారు. ముందు ఒక చిన్న దగ్గు, తర్వాత కాస్త బొంగురుగా, సాగదీస్తూ ఒక ముసలామె గొంతు.

"ఆఁ బిడ్డా... లేపిన, లేపిన. ఫికర్ జెయ్యకు."

అన్ని కసుర్ల మధ్య ఆ మాట ఎంత హాయిగా ఉండేదో. అందుకని ఆ ఇంటి ఫోన్ చివరికి మిగుల్చుకునేదాన్ని. కొన్నిసార్లు "ఛాయ్ తాగినవా బిడ్డా?" అని అడిగేది. ఇంకా లేదు అవ్వా అంటే "తాగు, తాగు" అనేది. ఏ మాటైనా రెండుసార్లు అనడం ఆమెకు అలవాటని నాకు రెండో రోజుకే తెలిసిపోయింది.

రేణుక మారింది. సమీకరణాలు తనే బోర్డు దగ్గరికి వచ్చి చేయడం మొదలుపెట్టింది. ఒకసారి తరగతిలో "మీ అవ్వకు దండం పెట్టాలే, రోజూ నిన్ను లేపుతున్నది" అన్నాను. అవునన్నట్టు తలూపి నవ్వింది. సిగ్గు పడుతోందనుకున్నాను.

పరీక్షలు వచ్చాయి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ అయిపోయాయి. లెక్కల పరీక్ష రోజు తెల్లవారుజామున ఎప్పటిలాగే అందరికీ ఫోన్లు చేసి, చివరగా రేణుక ఇంటికి చేశాను.

మొదటి రింగ్‌కే ఎత్తారు. ఆ రోజు దగ్గు లేదు.

"బిడ్డా, పిల్లను తోల్కపోతున్నరు. కమాన్ కాడ డీసీఎం ఆగింది. జల్ది రా, జల్ది రా."

ఎవరు అవ్వా, మీ కొడుకా అన్నాను. ఫోన్ కట్ కాలేదు, ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కాసేపటికి అదీ ఆగింది. మళ్లీ చేస్తే రింగ్ అయి అయి ఆగిపోయింది, ఎవరూ ఎత్తలేదు.

నైటీ మీదనే చున్నీ వేసుకుని స్కూటీ తీశాను. మా ఆయన వెనక నుంచి ఏదో అడిగాడు, వినలేదు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. యాసంగి కోతల కాలం, రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, వాహనాలు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. ఒక రాయి మీదికి చక్రం ఎక్కి బండి పక్కకు వాలింది, మోకాలు రోడ్డుకు గీసుకుంది. లేపి మళ్లీ స్టార్ట్ చేశాను. డీసీఎం వ్యాన్ ఒక్కసారి మెయిన్ రోడ్డు ఎక్కిందంటే నా స్కూటీ దాన్ని అందుకోలేదు. పిల్ల పరీక్ష పోయినట్టే, పరీక్షతో పాటు మిగతాదంతా పోయినట్టే.

ఊరి మొదట్లో ఉన్న కమాన్, ఆ స్వాగత తోరణం దగ్గరికి వచ్చేసరికి డీసీఎం ఇంజన్ ఆన్‌లో ఉంది. వెనక తలుపు వేసేశారు. గొర్ల మధ్యలో, ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని రేణుక కూర్చుంది. నేను స్కూటీని తీసుకెళ్లి బండికి అడ్డంగా నిలబెట్టాను. డ్రైవర్ హారన్ కొట్టి తిట్టడం మొదలుపెట్టాడు.

బీరయ్య కిందికి దిగాడు. నన్ను ఆ అవతారంలో చూసి బిత్తరపోయాడు.

"ఈ రోజు లెక్కల పరీక్ష అన్నా. పిల్లను ఎక్కడికి తీసుకుపోతున్నవ్?"

"మందను ఇంకో ఊరికి మారుస్తున్నం మేడం, ఆడి రైతు ఫోన్ జేసిండు. ఇయ్యాల రాకపోతె ఇంకో మందను పిలుస్త అన్నడు. గొర్లు ఈనుతున్నయి, సూస్కోను మా ఇంటామె ఒక్కతే అయితాంది. ఎనిమిది దాక అందరు పాసే అంటరు గద? రాయకున్నా పాసే అని ఊరంత అంటున్నరు. ఒక్క పరీక్షకేముంది?"

నాకు ఒళ్లు మండింది. అవును, ఎనిమిది వరకు ఎవరినీ ఫెయిల్ చేయం. అది పిల్లల మంచికి పెట్టిన పద్ధతి, దాన్నే ఇలా అర్థం చేసుకున్నవాళ్లు ఎందరో. పాస్ సంగతి సరే, లెక్కల్లో మార్కులు వస్తేనే హాస్టల్లో వేస్తానన్నది ఎవరు, పరీక్షే రాయకపోతే మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి అని గట్టిగానే అడిగాను. బీరయ్య తల గోక్కున్నాడు. లోపల రేణుక మాత్రం నా వైపు చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది.

ఉన్నట్టుండి బీరయ్యే అడిగాడు.

"మేం పోతున్నమని మీకెవరు జెప్పిండ్రు మేడం?"

"ఎవరేంది, మీ అమ్మ. ఇప్పుడే ఫోన్లో."

బీరయ్య మొహం మారిపోయింది. డ్రైవర్ హారన్ ఆపాడు. తలుపు సందులోంచి రేణుక మెల్లగా అంది.

"అవ్వకు మాట రాదు మేడం."

ఆటలాడుతున్నారా అన్నాను. బీరయ్య కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "పక్షవాతమొచ్చి నోరు వడిపోయింది మేడం. గీ పిల్ల చిన్నగున్నప్పటి సంది మా అమ్మ నోట్లకెల్లి ఒక్క మాట రాలే."

నా ఫోన్ తీసి చూపించాను. కొద్దిసేపటి కిందటి కాల్, ఆ నంబర్, ఎంతసేపు మాట్లాడానో అన్నీ అందులో ఉన్నాయి. బీరయ్య చదవలేడు, అయినా ఆ ఫోన్‌ను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏమన్నది?" అన్నాడు. చెప్పాను. వెనక్కి వెళ్లి, తలుపు తీసి, రేణుకను తనే దించాడు. డ్రైవర్‌ను ఆగమని, మాతో పాటు ఇంటికి నడిచాడు.

చిన్న రేకుల ఇల్లు. మంచం మీద అవ్వ పడుకుని ఉంది. మూతి ఒక పక్కకు వంకర పోయింది, కుడి చెయ్యి కట్టెలా పడి ఉంది. ఎడమ అరచేతి కింద బటన్ల ఫోన్ ఉంది. బీరయ్య చెల్లెలు ఇంటి వెనక నీళ్లు కాగబెడుతోంది. ఫోన్ ఒకసారి మోగి వెంటనే ఆగిందని, రెండోసారి చానాసేపు మోగిందని, తన చేతులు తడిగా ఉండి రాలేదని చెప్పింది. ఆమెది కీచుగొంతు. నేను విన్నది ఆ గొంతు కాదు, ఆమె ఊరికి వచ్చిందే ఆ తెల్లవారుజామున.

రేణుకను అడిగాను, రోజూ ఫోన్ ఎవరు ఎత్తుతున్నారని.

"ఎవ్వరెత్తరు మేడం. ఫోన్ మోగంగనే అవ్వ నన్ను చేత్తోని తడుతది. నేను లేశేసరికి ఆగిపోతది. మీరు మిస్డ్ కాల్ ఇస్తున్నరనుకున్న."

భయం వేసింది. దాచుకునేదేముంది, తెల్లవారిన వెలుతురులో, నలుగురి మధ్య, నాకు నిజంగా భయం వేసింది. అవ్వ దగ్గర కూర్చుని, నేను బడి మేడంని అవ్వా అన్నాను. ఆమె పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఉన్న బలానికి ఆశ్చర్యపోయాను.

రేణుక పరీక్ష రాసింది. నేను తరగతి బయటే తిరుగుతూ ఉన్నాను, లోపల ఆ పిల్ల పెన్ను ఆగినప్పుడల్లా కిటికీ దగ్గర నేనూ ఆగాను. మార్కులు బాగా వచ్చాయి. బీరయ్య మాట తప్పలేదు, జూన్‌లో మోత్కూర్ హాస్టల్లో చేర్చాడు.

ఇక కారణాలు. నేను వెతకని చోటు లేదు. క్రాస్ కనెక్షన్ అనుకుందామంటే రోజూ అదే గొంతు ఎలా వస్తుంది? తెలిసిన డాక్టర్‌ను అడిగాను. పక్షవాతంతో మాట పోయినవాళ్లు ఎప్పుడైనా ఒకటి రెండు మాటలు అనే వీలుంది, ఇలా ఛాయ్ తాగావా అని ముచ్చట పెట్టడం మాత్రం కష్టం అన్నాడు. నేనే కల కన్నానందామంటే కమాన్ కాడ డీసీఎం ఆగిందని నాకెలా తెలిసింది? ఎడమ చేత్తో ఆమె బటన్ నొక్కి ఉండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. మాట ఎవరిదన్నది మాత్రం నా లెక్కకు అందదు.

ఆ వానాకాలంలోనే అవ్వ చనిపోయింది. కబురు తెలిసి వెళ్లాను. హాస్టల్ నుంచి వచ్చిన రేణుక గుమ్మం దగ్గర కూర్చుని ఉంది, బీరయ్య కాస్త దూరంలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూసి ఆ పిల్ల ఏడవలేదు. పక్కకు జరిగి నాకు చోటిచ్చి అడిగింది.

"మేడం, మా అవ్వ గొంతు ఎట్లుంటది? నాకు యాదికి లేదు."

పక్కన కూర్చుని చెప్పాను. మొదట ఒక చిన్న దగ్గు వస్తది బిడ్డా. తర్వాత కొంచెం బొంగురుగ, సాగదీసి మాట్లాడుతది. ఏ మాటైనా రెండుసార్లు అంటది. లేపిన, లేపిన అంటది. తాగు, తాగు అంటది.

బీరయ్య తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "గట్లనే అనేది" అన్నాడు. "గట్లనే అనేది మేడం."

ఆ రోజుల్లో ఫోన్లో నాతో మాట్లాడింది ఎవరో, ఎలాగో ఇప్పటికీ నాకు తెలియదు. నమ్మకాల విషయంలో నేను మారలేదు, సున్నం పసుపు ప్రయోగం ఈ ఏడు కూడా చేయించాను. కానీ ఆ గుమ్మంలో కూర్చుని ఆ పిల్లకు చెప్పేటప్పుడు ఫోన్లో ఎవరో అన్నారని చెప్పలేదు. మీ అవ్వ గొంతు ఇట్లుంటది అనే చెప్పాను.