సక్కుబాయి వేలిముద్రల దరఖాస్తు

దరఖాస్తుకు వేలిముద్రలు ఎలా వేయించాలో నేర్చుకోవాలంటే సుల్తానాబాద్ పక్కనున్న మా ఊరి సక్కుబాయి దగ్గరే నేర్చుకోవాలి. ఆమెకు చదువు రాదు. ఆమె మొగుడు మగ్గం నేసేవాడు, ఆమె బీడీలు చుట్టేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఊరికి ఒక నర్సు కావాలని దరఖాస్తు పెట్టింది. పెద్దబిడ్డ గంగు కాన్పు నొప్పులతో కరీంనగర్ దవాఖానకు ఎడ్లబండిలో పోతూ వాగు దగ్గరే ప్రాణం విడిచింది. ఇప్పుడు చిన్నబిడ్డ బాలలక్ష్మికి నెలలు నిండుతున్నాయి.

అంతకుముందు మగవాళ్లూ ఇదే దరఖాస్తు పెట్టారు. కల్లు దుకాణంలో కూర్చుని ఒక్క పూటలో సంతకాలు ముగించారు. పని త్వరగానే అయింది గానీ, కొందరు రెండేసి సార్లు పెట్టారు, ఒకాయన చచ్చిపోయిన తమ్ముడి తరఫున కూడా వేలు ఒత్తాడు. దొంగ ముద్రలున్నాయని కరీంనగర్ కచేరీ వాళ్లు ఆ కాగితం తిప్పి పంపారు.

సక్కుబాయి బావి దగ్గర ఎవరినీ అడిగేది కాదు, తడి వేలికి సిరా అంటదు. మగ్గాల వాడలో నూలుకు గంజి పెట్టే పూట అటువైపే పోయేది కాదు. ఆడవాళ్లు బీడీలు చుట్టే అరుగుల దగ్గరికి పోయేది. అక్కడ చేతులు పొడిగా ఉంటాయి, పని వదిలి ఎవరూ లేచిపోరు. సిరా డబ్బా, వేలు తుడవడానికి నూనెగుడ్డ, కాగితం కింద పెట్టే పలక అన్నీ ఆమె వెంటే. ఖాళీ కాగితం మీద వేలు పెట్టించుకుని దొరలు భూములు రాయించుకున్న సంగతి ఎవరూ మరిచిపోలేదు. అందుకే ముందు రాతను, తన వేలిముద్రను చూపించి, ఆ తర్వాతే అడిగేది. ఆ దరఖాస్తు రాసిపెట్టింది నేనే.

చిక్కల్లా మొగుడి పేరుతోనే. ముద్ర పక్కన ఫలానా వారి భార్య అని రాయాలి. మా దగ్గర ఆడది మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. అందుకని పక్కింటి లింగవ్వను వెంట తిప్పుకునేది. లింగవ్వకు ఊళ్లో అందరి మొగుళ్ల పేర్లూ నోటికి వచ్చు, తన మొగుడిది తప్ప. అది సక్కుబాయి చెప్పేది.

కచేరీ గుమ్మం దగ్గరి జవాను ఒక్కరినే లోపలికి వదిలాడు. నేను, లింగవ్వ, సక్కుబాయి మొగుడు కిటికీ బయట నిలబడ్డాం.

"నీ పేరు?" అన్నాడు ఆఫీసరు.

"సక్కుబాయి."

"భర్త పేరు?"

"గంగు బాపు." అంటే గంగు తండ్రి అని.

"గా గంగును పిలువు."

"సచ్చిపోయింది సారూ. గందుకే వచ్చిన."

ఆఫీసరు "భర్త పేరు చెప్పకపోతే గివన్నీ దొంగ ముద్రలనుకోవాలె" అని కాగితాలు పక్కకు నెట్టాడు. లింగవ్వ కిటికీలోంచి చెప్పబోతే జవాను కసిరాడు.

"సిద్దిరాములు!" అంది సక్కుబాయి, కచేరీ అంతా వినబడేలా.

నా పక్కనున్న సిద్దిరాములు "ఆఁ" అంటూ చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఎవరో పిలిచారనుకున్నాడు. ఆఫీసరు మొగుడిని కళ్లారా చూసి, దరఖాస్తు తీసుకున్నాడు.

తిరిగి వస్తూ వాగు దాటుతుంటే సిద్దిరాములు మెల్లగా అన్నాడు.

"ఇంకొక్కపారి అనరాదే?"

"గంగు కోసం అన్న. ఇంకెవలి కోసం గాదు."

 

నర్సు వచ్చింది. బాలలక్ష్మి బతికింది, బిడ్డా బతికింది. పుస్తకంలో రాసుకుంటూ నర్సు ఇంటి పెద్ద పేరు అడిగింది. సక్కుబాయి మనవరాలిని ఒళ్లోంచి దించకుండానే గోడ అవతలికి కేకేసింది.

"లింగవ్వా, జర ఇటు రా!"